బీటీయూ అంకె చూసి బర్నర్ కొనకండి

ఇంట్లో బీరు కాచుకునే పాఠకుల నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే విషయం గురించి ఉన్నాయి: ఆరుబయట పెట్టుకునే ప్రొపేన్ బర్నర్. తక్కువ డబ్బులో ఏది కొనాలి, కొన్నాక మంట ఎందుకు సరిగ్గా రావట్లేదు, ఎక్కడ పెట్టుకోవచ్చు. అందుకని ఈ సంచికలో పులియబెట్టడం గురించిన ప్రశ్నలన్నీ పక్కన పెట్టి పొయ్యి సంగతే చూద్దాం.

ప్రశ్న: వంటింటి గ్యాస్ పొయ్యి మీద 25 లీటర్ల వర్ట్ (పులియబెట్టక ముందు ఉండే బీరు రసం) మరగడానికి గంట దాటిపోతోంది. మరిగినా అంచుల్లో ఏవో బుడగలు వస్తున్నాయి, అంతే. బయట వాడే ప్రొపేన్ బర్నర్ కొందామని చూస్తే దాదాపు ఒకే ధరలో రెండు కనిపించాయి. ఒకటి గంటకి 55 వేల బీటీయూ (వేడిని కొలిచే ప్రమాణం), ఇంకోటి 2 లక్షల బీటీయూ. అదే డబ్బుకి పెద్దది వస్తుంటే చిన్నది ఎందుకు కొనాలి?

జవాబు: ఎందుకంటే ఆ రెండు లక్షల్లో మీకు పనికొచ్చేది మూడో వంతు కూడా ఉండదు. డబ్బా మీద వేసే ఆ అంకె, రెగ్యులేటర్‌ని చివరిదాకా తిప్పేస్తే గంటకి ఎంత గ్యాస్ కాలుతుందో, ఆ గ్యాస్‌లో ఎంత వేడి ఉంటుందో చెప్పే లెక్క మాత్రమే. అందులో మీ గుండిగలోకి ఎంత వెళ్తుంది, పక్కల నుంచి గాల్లోకి ఎంత పోతుంది అన్నది ఎవరూ రాయరు.

కొంచెం లెక్క వేద్దాం, కష్టమేమీ కాదు. గంటకి వెయ్యి బీటీయూ అంటే సుమారు 0.29 కిలోవాట్లు. కాబట్టి 55 వేల బీటీయూ బర్నర్ దాదాపు 16 కిలోవాట్లు. మంటలో పుట్టిన వేడిలో గుండిగలోకి నలభై శాతం చేరిందనుకుందాం, గాలి మరీ వీచకపోతే ఇది సబబైన అంచనానే. అంటే 6.4 కిలోవాట్లు. మ్యాష్, అంటే మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన గింజలు) వేడినీళ్లలో నానబెట్టడం, అయ్యాక 65 డిగ్రీల దగ్గర ఉన్న 25 లీటర్ల వర్ట్‌ని 100 డిగ్రీలకు తేవడానికి దీనికి పది నిమిషాలు చాలు. 20 డిగ్రీల చల్లటి నీళ్లతో మొదలుపెట్టినా పావుగంట పైన ఇంకో ఏడెనిమిది నిమిషాలు. మీ వంటింటి పొయ్యి మీద ఒక బర్నర్ 3 కిలోవాట్ల దగ్గర ఉంటుంది, అందుకే గంట కూర్చోబెడుతోంది.

ఇక మరగడం మొదలయ్యాక అసలు పూర్తి మంట అక్కర్లేదు. గంటకి మూడు నాలుగు లీటర్లు ఆవిరైపోయేలా మరిగితే సరిపోతుంది. దానికి గుండిగలోకి వెళ్లాల్సింది రెండు, రెండున్నర కిలోవాట్లే, బర్నర్ లెక్కలో చెప్పాలంటే 20 వేల బీటీయూ చుట్టుపక్కల. అంటే 55 వేల బర్నర్‌ని కూడా గంటసేపు సగం కంటే తక్కువలో నడుపుతారు మీరు. కాచే రోజు మొత్తం మీద గ్యాస్ ఒకటి నుంచి ఒకటిన్నర కేజీ అవుతుంది. అదే రెండు లక్షల బర్నర్‌ని పూర్తిగా తెరిస్తే గంటకి నాలుగున్నర కేజీల గ్యాస్ తాగుతుంది, మంట గుండిగ పక్కల నుంచి పైకి ఎగబాకి కుళాయి పిడినీ థర్మామీటర్‌నీ కాల్చేస్తుంది, చిన్న సిలిండర్ అంత వేగంగా గ్యాస్ ఇవ్వలేక చల్లబడిపోతుంది. మీరు 80, 100 లీటర్లు కాస్తుంటే అది వేరే సంగతి.

మరి అదే డబ్బుకి రెండు లక్షలు ఎలా ఇస్తున్నారు? ఇనుప బర్నర్ రంధ్రం కొంచెం పెద్దది చేసి, ఎక్కువ పీడనం రెగ్యులేటర్ తగిలిస్తే అంకె పెరిగిపోతుంది, దానికి పెద్ద ఖర్చేమీ కాదు. ఖర్చయ్యేది స్టాండుకి. చవక బర్నర్లలో డబ్బు మిగుల్చుకునేది ఎక్కువగా అక్కడే, కాబట్టి మీరు చూడాల్సిందీ అక్కడే. 25 లీటర్ల వర్ట్, గుండిగ బరువు కలిపి 30 కేజీలు. గుడ్డసంచిలో గింజలు వేసి మొత్తం ఒకే పాత్రలో చేసే పద్ధతైతే 40 కేజీలు దాటుతుంది. అంత బరువు, అదీ మరుగుతున్నది, ఆ సన్నటి కాళ్ల మీద నిలబడాలి. మూడు కాళ్లది కంటే నాలుగు కాళ్లది మేలు, బోల్టులతో బిగించేదాని కంటే వెల్డింగ్ చేసినది మేలు, కాళ్లు కిందికి వచ్చేకొద్దీ బయటికి విప్పారినట్టు ఉండాలి. షాపులో ఒక మూల మీద చెయ్యి పెట్టి గట్టిగా నొక్కండి, ఊగితే వదిలేయండి, బీటీయూ ఎంతైనా సరే. ఆన్‌లైన్‌లో కొంటే కనీసం ఎంత బరువు మోస్తుందో రాశారా లేదా చూడండి.

ఎత్తు గురించి ఒక మాట. ఎత్తుగా ఉంటే వర్ట్‌ని కుళాయి తిప్పి నేరుగా కిందికి దింపుకోవచ్చని కొందరు పొడుగు స్టాండు కొంటారు. నా మటుకు నేను పొట్టిదే కొనమంటాను. గుండిగ అంచు నడుము కంటే పైకి ఉంటే లోపలికి తొంగి చూడటం, కలపడం, సంచి ఎత్తడం అన్నీ ముఖానికి ఆవిరి కొట్టించుకుంటూ చేయాలి.

ఇంకో చిక్కు. చవగ్గా కనిపించే ధరలో చాలాసార్లు రెగ్యులేటర్, గొట్టం ఉండవు. అవి విడిగా కొంటే పక్కన ఉన్న కాస్త ఖరీదైనదాని ధరే అయిపోతుంది. అన్నీ కలిపిన ధరలు పక్కపక్కన పెట్టి చూడండి. మీ అవసరానికి నేను చెప్పేది: 50 నుంచి 60 వేల బీటీయూ, పొట్టి వెడల్పాటి నాలుగు కాళ్ల స్టాండు, మంటని సన్నగా తగ్గించుకోగలిగే రెగ్యులేటర్, గాలికి అడ్డం పెట్టే రేకు. పైజో ఇగ్నిషన్, సైడు ట్రే లాంటివి ఉంటే ఉన్నాయి, లేకపోతే లేవు, పొడవాటి లైటర్ చాలు.

ప్రశ్న: జెట్ బర్నర్, బాంజో బర్నర్, రింగ్ బర్నర్ అని మూడు రకాలు చూపిస్తున్నారు. ఏది మంచిది?

జవాబు: జెట్ అంటే మధ్యలో ఒకే ముక్కు నుంచి మంట జోరుగా పైకి తన్నేది. చవక, వేగం ఎక్కువ, చప్పుడు కూడా ఎక్కువే, పక్కన నిలబడి మాట్లాడుకోవాలంటే అరవాలి. వేడంతా అడుగున ఒకేచోట పడుతుంది కాబట్టి పలచటి అడుగున్న గుండిగ అయితే అక్కడ మాడే అవకాశం ఉంది. బాంజో అంటే పెద్ద గుండ్రటి పోత ఇనుప బిళ్ల, చాలావాటికి 25 సెంటీమీటర్ల వెడల్పు, చుట్టూ చిన్న చిన్న రంధ్రాలు. మంట పరుచుకుని వస్తుంది, చప్పుడు తక్కువ, తగ్గించినా ఆరిపోకుండా నిలుస్తుంది. బేయూ క్లాసిక్ వాళ్ల కేఏబీ4 అనే మోడల్ ఈ రకానిదే, బీరు కాచేవాళ్లలో బాగా తెలిసిన పేరు. రింగ్ బర్నర్లు మధ్యరకం, చిన్న గుండిగలకు బాగుంటాయి.

ఇక్కడ జనం మర్చిపోయేది మీ గుండిగ అడుగు వెడల్పు. బాంజో 25 సెంటీమీటర్లు, మీ గుండిగ 28 సెంటీమీటర్లు అనుకోండి, మంట కొంచెం పెంచగానే పక్కలకి వచ్చేస్తుంది, వేడిలో పెద్ద భాగం దండగ. అడుగు 35 సెంటీమీటర్లు దాటి ఉంటే బాంజో కొనండి. సన్నగా పొడుగ్గా ఉన్న గుండిగైతే చిన్న రింగ్ చాలు, డబ్బు కూడా మిగులుతుంది.

మంటకీ అడుగుకీ మధ్య దూరం కూడా చూసుకోవాలి. మంట కొస అడుగుని తాకీ తాకనట్టు ఉండాలి. మరీ దగ్గరైతే మంటకి గాలి చాలక సరిగ్గా కాలదు, మసి పట్టడమే కాదు, కార్బన్ మోనాక్సైడ్ పెరుగుతుంది. మరీ దూరమైతే సెగ గాల్లో కలిసిపోతుంది. కొన్ని స్టాండుల్లో బర్నర్‌ని పైకీ కిందికీ జరుపుకునే వీలుంటుంది, అలాంటిదానికి కాస్త ఎక్కువ పెట్టినా నష్టం లేదు.

ప్రశ్న: ఆరుబయట డీప్ ఫ్రై చేసుకునే సెట్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో చాలా చవగ్గా వస్తోంది. బర్నర్, 28 లీటర్ల అల్యూమినియం గుండిగ, అన్నీ కలిపి. బీరుకి వాడొచ్చా?

జవాబు: వాడొచ్చు, ఎంతోమంది అలాగే మొదలుపెట్టారు. కొనేముందు మూడు సంగతులు చూసుకోండి. కొన్ని ఫ్రయ్యర్లకి 15 నిమిషాలకోసారి తనంతట తనే గ్యాస్ ఆపేసే టైమర్ ఉంటుంది. నూనెకి నిప్పు అంటుకోకుండా అది మంచి ఏర్పాటే గానీ, గంటసేపు వర్ట్ మరిగించేవాళ్లకి నాలుగుసార్లు పరుగెత్తి తిప్పాల్సిన గొడవ. దాన్ని ఊడదీసే పని పెట్టుకోవద్దు, టైమర్ లేనిది దొరికితే అది చూడండి.

రెండోది స్టాండు. ఫ్రయ్యర్ స్టాండులు సన్నటి పొడుగు పాత్ర కోసం చేసినవి. రేపు మీరు 40 లీటర్ల వెడల్పాటి గుండిగ కొని దాని మీద పెడితే పై రింగు అంచులు దాటి బయటికి వస్తుంది, ఎవరి మోచెయ్యో తగిలితే చాలు. మూడోది గొట్టం, రెగ్యులేటర్. పాతబడితే రబ్బరు పగుళ్లు వారుతుంది, వంచి చూడండి, గీతలు కనిపిస్తే కొత్తది కొనాల్సిందే, ఆ ఖర్చు ఇప్పుడే ధరలోంచి తగ్గించి బేరమాడండి.

అల్యూమినియం గుండిగ గురించి భయం అక్కర్లేదు. మొదట నీళ్లు పోసి బాగా మరిగిస్తే లోపల మసకగా ఒక పొర కడుతుంది, ఆ పొరే దానికి రక్షణ. తళతళలాడాలని దాన్ని పీచుతో తోమేయకండి, కాస్టిక్ లాంటి ఘాటైన క్షారాలు అసలే వద్దు. నూనె వాసన మాత్రం పూర్తిగా పోవాలి. జిడ్డు మిగిలితే బీరు మీద నురగ నిలవదు. 28 లీటర్ల గుండిగలో 25 లీటర్లు మరిగించాలని కూడా చూడకండి, పొంగి పోతుంది. 20, 21 లీటర్ల దగ్గర ఆగండి.

ప్రశ్న: మొదట మంట బ్రహ్మాండంగా ఉంటుంది. అరగంట అయ్యేసరికి నీరసించి పోతోంది. సిలిండర్ బయట మంచులా పేరుకుంటోంది. గ్యాస్ ఇంకా సగం ఉంది. బర్నర్ పాడైందా?

జవాబు: బర్నర్‌లో ఏమీ లేదు, మీ సిలిండర్ చలికి బిగుసుకుపోతోంది. లోపల ప్రొపేన్ ద్రవంగా ఉంటుంది, మీరు వాడేకొద్దీ అది ఆవిరిగా మారుతుంది, ఆవిరి కావడానికి కావాల్సిన వేడిని చుట్టూ ఉన్న ద్రవం నుంచీ సిలిండర్ గోడల నుంచీ లాక్కుంటుంది. బయటి గాలి తిరిగి వేడిని ఇచ్చే వేగం కంటే మీరు గ్యాస్ లాగే వేగం ఎక్కువైతే ద్రవం చల్లబడుతుంది, చల్లబడితే పీడనం పడిపోతుంది, మంట నీరసిస్తుంది. గ్యాస్ తగ్గేకొద్దీ ఇది ఇంకా తొందరగా వస్తుంది, ఎందుకంటే ద్రవం తాకే గోడ కూడా తగ్గుతుంది. ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల దాకా ఆవిరవుతుంది, అది నయం. ప్రొపేన్‌లో బ్యూటేన్ కలిపిన ఎల్పీజీ అయితే ఇంకా ముందే మొండికేస్తుంది, బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరి కావడం మానేస్తుంది మరి.

చేయాల్సింది మంట తగ్గించడం. మరగడం మొదలయ్యాక కూడా పూర్తిగా తెరిచి ఉంచుతున్నారని నా అనుమానం. అప్పటికీ చాలకపోతే పెద్ద సిలిండర్ వాడండి, లేదా నిండుగా ఉన్నదానితో మొదలుపెట్టండి. సిలిండర్‌ని పొయ్యికి దగ్గరగా జరపడం, కింద మంట పెట్టడం, హీటర్ పెట్టడం మాత్రం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే.

మొదటి నుంచీ మంట సన్నగానే వస్తుంటే కారణం వేరు. కొన్ని కనెక్టర్లలో గ్యాస్ ఒక్కసారిగా ఎక్కువ పారితే, ఎక్కడో గొట్టం తెగిందనుకుని అడ్డుకునే ఏర్పాటు ఉంటుంది. బర్నర్ వాల్వ్ తెరిచి ఉంచి సిలిండర్ వాల్వ్‌ని గబుక్కున తిప్పితే అది పట్టేస్తుంది. అన్నీ మూసేసి, ఒకటి రెండు నిమిషాలు ఆగి, ముందు సిలిండర్‌ని మెల్లగా తెరిచి, తర్వాత లైటర్ వెలిగించి పట్టుకుని బర్నర్ వాల్వ్ తెరవండి.

ప్రశ్న: వంటింటి సిలిండర్‌కి ఉన్న రెగ్యులేటర్‌నే దీనికి తగిలిస్తే ఖర్చు కలిసొస్తుంది కదా?

జవాబు: కలిసిరాదు. వంటింటి రెగ్యులేటర్ ఇచ్చే పీడనం 30 మిల్లీబార్ల దగ్గర, స్థిరంగా. చాలా బయటి బర్నర్లు 10 పీఎస్ఐ, అంటే దాదాపు 700 మిల్లీబార్ల దాకా పెంచుకునే రెగ్యులేటర్ కోసం చేసినవి. చిన్నది తగిలిస్తే మంట కొవ్వొత్తిలా వస్తుంది. దానికంటే ప్రమాదం తిరగేసి చేస్తే, తక్కువ పీడనం బర్నర్‌కి పెద్ద రెగ్యులేటర్ తగిలిస్తే మంట అదుపు తప్పుతుంది. అసలు రెగ్యులేటరే లేకుండా ఎవరైనా వెలిగించి చూపిస్తే అక్కడి నుంచి దూరంగా జరగండి, మామూలు వేడిమిలో కూడా సిలిండర్ లోపల 7 బార్ల పైన పీడనం ఉంటుంది. సహజవాయువు కోసం చేసిన బర్నర్ కూడా ప్రొపేన్‌కి పనికిరాదు, దాని రంధ్రం పెద్దది. బర్నర్ తయారుచేసినవాళ్లు ఏ పీడనం అని రాశారో ఆ రెగ్యులేటరే. ప్రతిసారీ బిగించాక సబ్బు నురగ రాసి బుడగలు వస్తున్నాయేమో చూడండి, అగ్గిపుల్లతో కాదు.

ప్రశ్న: మంట పసుపు రంగులో వస్తోంది, గుండిగ అడుగంతా మసి.

జవాబు: గాలి చాలట్లేదు. గ్యాస్ లోపలికి వెళ్లే చోట తిప్పే చిన్న బిళ్ల ఒకటి ఉంటుంది, దాన్ని మెల్లగా తెరుస్తూ మంట నీలంగా మారేదాకా చూడండి. మారకపోతే చల్లారాక ఆ బిళ్ల దగ్గర ఉన్న బర్నర్ గొట్టంలోకి తొంగిచూడండి, కొన్నాళ్లు వాడకుండా పెడితే సాలీళ్లు గూళ్లు పెట్టేస్తాయి. పొంగిన వర్ట్ రంధ్రాల్లో గట్టిపడినా ఇంతే, తీగ బ్రష్‌తో గీకండి. కొత్త బర్నరైతే మొదటిసారి రంగు కాలి పొగ వస్తుంది, గుండిగ పెట్టకుండా కాసేపు మండించి ఆ పొగ పోనివ్వండి.

ప్రశ్న: వాన పడుతోంటే గ్యారేజీలో షట్టర్ ఎత్తి కాచుకోవచ్చా? ఫ్లాట్‌లో బాల్కనీ మీద?

జవాబు: రెండూ వద్దు. షట్టర్ ఎత్తినా లోపలి మూలల్లో కార్బన్ మోనాక్సైడ్ నిలుస్తుంది, దానికి వాసన ఉండదు. ప్రొపేన్ గాలి కంటే ఒకటిన్నర రెట్లు బరువు, లీకైతే నేల మీద పాకి గుంటల్లో, మెట్ల కింద చేరి నిప్పురవ్వ కోసం చూస్తుంటుంది. బాల్కనీలో పైన ఇంకొకళ్ల ఇల్లు, పక్కన బట్టలు, మీకు పారిపోవడానికి ఒకే తలుపు. బయట స్థలం లేనివాళ్లు బర్నర్ ఆలోచన మానుకుని ఎనిమిది, పది లీటర్ల చిన్న బ్యాచ్ వంటింటి పొయ్యి మీద కాచుకోవడమో, ఇంట్లో కరెంటు లైను తట్టుకుంటుందనుకుంటే ఎలక్ట్రిక్ గుండిగ కొనుక్కోవడమో మంచిది. చిన్న బ్యాచ్ బీరుకి రుచిలో తక్కువేం ఉండదు.

బయట పెట్టేవాళ్లు కూడా చెక్క నేల మీద, తారు మీద పెట్టకండి, ఒకటి అంటుకుంటుంది, ఇంకోటి మెత్తబడి కాలు దిగుతుంది. తడి కాంక్రీటు మీద వేడి ఎక్కువైతే పెచ్చులు ఎగిరే అవకాశం ఉంది, కింద రాతిపలకలు పరవండి. గాలికి అడ్డం రేకు పెట్టేటప్పుడు చుట్టూ మూసేయకండి, గాలి వచ్చే వైపు మాత్రమే పెట్టి, గొట్టం ఉన్న వైపు తెరిచి ఉంచండి. లేకపోతే సెగ వెనక్కి తన్ని గొట్టాన్ని కాలుస్తుంది. సిలిండర్‌ని గొట్టం రానిచ్చినంత దూరంలో, సెగ కొట్టని పక్కన ఉంచండి.

ప్రశ్న: గుడ్డసంచి పద్ధతిలో చేస్తాను. కొత్త బర్నర్‌తో మొదటిసారే సంచి అడుగు కరిగి అతుక్కుపోయింది, బీరుకి మాడు వాసన కూడా వచ్చింది. మంట తక్కువ ఉన్న బర్నర్ కొనాల్సిందా?

జవాబు: ఇదే ఉంచుకోండి. సంచి అడుగుకి తగలకుండా ఒక జల్లెడ పళ్లెం వేయండి, మ్యాష్ మధ్యలో వేడి పెంచాల్సి వస్తే సంచిని కాస్త పైకి ఎత్తి పట్టుకుని, సన్న మంట మీద, ఆపకుండా కలుపుతూ పెంచండి. మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ (మాల్ట్ రసాన్ని చిక్కబరిచిన పాకం) వాడేవాళ్లు అది పోసేముందు మంట పూర్తిగా ఆపేయాలి, బరువైన పాకం నేరుగా అడుగుకి దిగి అక్కడే మాడుతుంది. అంతా కరిగాక మళ్లీ వెలిగించుకోవచ్చు.

ఇంకోటి, పెద్ద బర్నర్ చేతికొచ్చాక అందరూ మరుగుతున్న కొద్దీ మంట పెంచుతుంటారు. మరిగే ముందు నురగ ఒక్కసారిగా పైకి లేస్తుంది చూడండి, అప్పుడు చెయ్యి వాల్వ్ మీదే ఉండాలి, పక్కన ఒక సీసాలో చల్లటి నీళ్లు పెట్టుకుని చిలకరించినా అణుగుతుంది. ఆ తర్వాత పైభాగం నిదానంగా తిరుగుతూ ఉంటే చాలు, ఎగిరెగిరి పడక్కర్లేదు. మూత మాత్రం పెట్టకండి, ఉడికిన కూరగాయల వాసనకి కారణమయ్యే డీఎంఎస్ అనే గంధకపు పదార్థం ఆవిరితో పాటే బయటికి పోవాలి. లేత పిల్స్నర్ మాల్ట్‌తో చేస్తుంటే గంట బదులు గంటన్నర మరిగించేది కూడా అందుకే, గ్యాస్ లెక్క వేసుకునేటప్పుడు ఆ అరగంట కూడా కలుపుకోండి.